రొట్ట వేయని మలుపు

పెట్టె తొట్లో పడిన చప్పుడుకు పాక కింద బర్రె తల ఎత్తి చూసింది.

"ఇంగ ఈ ఇంట్లో దాని గొంతు ఇనపడకూడదు" అంది పూలమ్మ, తడిచేతులు చెంగుకు తుడుచుకుంటూ. "నీ గొంతు గూడా రవ్వంత తగ్గిస్తే మేలు."

కోడలు వెన్నెల కుడితి తొట్టి వంకే చూస్తూ నిలబడింది. తవుడు నీళ్ళ మీద బుడగలు లేచి పగిలాయి. అరచేయంత నల్లపెట్టె అది. మామ శంకరప్ప టమోటా బండిలో స్టీరింగు పక్కన ఉండేది. దానికి పసుపు కుంకుమ బొట్లు కూడా ఉండేవి. ఆయుధపూజ నాడు ఆ బొట్లు పెట్టింది, ఇప్పుడు దాన్ని కుడితిలో ముంచిన పూలమ్మ చేతులే.

పెట్టె చేసే పని పెద్దదేం కాదు. బండికీ బండికీ మధ్య కబురు మోస్తుంది. దారిలో ఒక బండి ఆగిపోయి డ్రైవరు ఎర్రమీట నొక్కితే, వెనక వచ్చే బండ్లలోని పెట్టెలు ఆ మాట పలుకుతాయి. కుప్పంలో వెన్నెల పనిచేసే చిన్న కంపెనీ వాటిని తయారుచేసి, టమోటా బండ్లకు బిగించి చూస్తామంటే ఏ డ్రైవరూ ముందుకు రాలేదు. శంకరప్ప ఒక్కడే తన బండి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకున్నాడా, మదనపల్లె యార్డులోనూ పుంగనూరు టీకొట్ల దగ్గరా "మా కోడలు జేసింది" అని చెప్పుకుంటూ తిరిగాడు. ఆయన మాట మీదే మిగతావాళ్ళూ పెట్టించుకున్నారు. డ్రైవర్లు దానికి కోడలిపెట్టె అని పేరు పెట్టేశారు. పేరుకు తగ్గట్టే అందులో పలికే గొంతు కూడా వెన్నెలదే. "ముందు బండి ఆగి ఉంది. నిదానం."

పలకాల్సిన రోజున పలకలేదు. గొడవంతా అదే.

"అమ్మా, అట్ల యాల ఏసినావు? అది కంపెనీది" అన్నాడు దిలీప్, బ్రష్షు నోట్లోంచి తీసి.

"కంపెనీదయితే కంపెనీనే వచ్చి ఎత్తుకోని. మీ నాయన కాలు ఎవురిది?"

దిలీప్ బ్రష్షు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

"పెండ్లయి వచ్చినప్పటి నుంచి సూస్తాండా" అంది పూలమ్మ. కొడుకుతో చెబుతున్నట్టే చెబుతోంది, వినాల్సింది మాత్రం కోడలు. "బండి యాడ ఆగిపోయినా ముందు దిగి రొట్ట ఇరుస్తాడు. కానుగ కొమ్మో, యాప కొమ్మో, ఏదీ లేకుంటే కంపో. బండి ఎనక అంత దూరం పరిచి, రాళ్ళు పెట్టి, ఆ తర్వాతే టైరు ముట్టుకుంటాడు. ఆ పొద్దు యాల పరవలేదు? అడుగు నీ పెండ్లాన్ని."

అడగక్కర్లేదు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన వారం మంచు పట్టిన పొద్దున, పుంగనూరు నుంచి వస్తుంటే మదనపల్లె యార్డు ఇంకాస్త దూరంలో ఉందనగా మలుపులో టైరు పగిలింది. శంకరప్ప ఎర్రమీట నొక్కాడు. కోడలు చెబుతుందిలే అనుకున్నాడు. రొట్ట విరవకుండానే జాకీ తీసుకుని బండి వెనక కూర్చున్నాడు. వెనక నుంచి వచ్చింది తోటి డ్రైవరు బర్నబాస్ బండి. అతను చివరి క్షణంలో పక్కనున్న గుంతలోకి తిప్పబట్టి శంకరప్ప మిగిలాడు. బండి అంచు తగిలి కాలు విరిగింది.

"వెన్నెలా, ఉద్యోగం ఇడిసిపెట్టేయ్" అన్నాడు దిలీప్, తల్లి పాకలోకి వెళ్ళాక. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది. "కుప్పంలోనే ఇంగేదన్నా సూసుకోవచ్చు. ఇంట్లో నలుగురం ఒగరి మొగం ఒగరు సూసుకోవాల గదా."

"పెట్టె యాల పలకలేదో తెలుసుకోకుండా యాడికి పోదును?"

"తెలుసుకుంటే నాయన కాలు అతుక్కుంటాదా?"

ఆమె ఫోను మోగింది. కుప్పం నుంచి ఎడ్విన్ సార్, ఆమె పై అధికారి. మెత్తని మనిషి. చెడ్డమాటను కూడా మెల్లగా చెబుతాడు. అలా చెబితే చేదు తగ్గుతుందని ఆయన నమ్మకం.

"వెన్నెలా, రేపటితో పెట్టెలన్నీ పీకేయమంటున్నారమ్మా పైవాళ్ళు. ఎందుకు మూగబోయిందో కారణం దొరికితే నేను అడ్డుపడగలను. కారణమే లేకపోతే నాకు మాట్లాడే మొహం లేదు."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళేసరికి, గట్టు మీద ఆసుపత్రికి వెళ్ళాల్సిన క్యారియర్ సిద్ధంగా ఉంది. మామకు ఒక గిన్నె చాలు. మూడు గిన్నెలున్నాయి. రెండో దాంట్లో గోంగూర పప్పు. కాలు విరిగినాయనకు పులుపు పెట్టకూడదని ఈ ఇంట్లో గట్టి పట్టింపు. గోంగూర ఎవరికిష్టమో ఇంట్లో అందరికీ తెలుసు.

వారం రోజులుగా ముఖం చూసి మాట్లాడని అత్త, తన పూట అన్నం మాత్రం మరవలేదు. వెన్నెలకు కళ్ళు చెమర్చాయి. పాక వైపు చూసి ఏదో అనబోయి, ఇప్పుడు అంటే ఆ గిన్నె కూడా తొట్లో పడుతుందేమోనని నోరు మూసుకుని క్యారియర్ తీసుకుంది.

* * *

మదనపల్లె మిషన్ ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో శంకరప్ప మంచం చుట్టూ వాళ్ళ ఊరు కురబలకోట సగం నిలబడి ఉంది.

దెబ్బ తగిలింది కాలికే గానీ, మారింది మాత్రం ఆయన నోరు. పెళ్ళాం చేతి కాఫీకి కూడా ఎన్నడూ మంచిమాట అనని మనిషి, ఇప్పుడు మంచినీళ్ళిచ్చిన ఆయాకు దండం పెడుతున్నాడు. ఎక్స్‌రే తీసినతని పిల్లల పేర్లు అడిగి దీవిస్తున్నాడు.

"ఆ గుంత ఆడ ఉండబట్టి గదా బర్నబాసు బండి తిప్పినాడు" అంటున్నాడు వచ్చినవాళ్ళతో. "ఆ గుంత తవ్వినోళ్ళు ఎవురో గానీ సల్లగా ఉండాల."

"రోడ్డోళ్ళు పూడ్సకుండా ఇడిసిపెట్టిన గుంత మామా అది" అన్నాడు మునికృష్ణ, వరసకు మేనల్లుడు.

"పూడ్సనోళ్ళు గూడా సల్లగా ఉండాల."

వచ్చిన ప్రతివాడూ ఎట్ల జరిగిందని అడుగుతాడు. శంకరప్ప మొదటినుంచి చెబుతాడు. విన్నవాడు బయటికి పోయి పదిమందికి ఫోను చేస్తాడు. ఆ పదిమందీ పూలమ్మకు ఫోను చేస్తారు. ప్రమాదం జరిగిన పొద్దున కూడా ఇదే తంతు. ఆపరేషనుకు ముందు ఇంటివాళ్ళ మాట కావాలని బర్నబాస్ ఆసుపత్రి నుంచి ఫోను చేస్తే ఎంతకీ కలవలేదు. నిజమేనా నిజమేనా అని ఊరంతా ఆమె ఫోనుకే తగులుకుని ఉంది. చివరికి బర్నబాస్ భార్య వరమ్మ, ఇదే ఆసుపత్రిలో ఆయా, ఆటో కట్టించుకుని కురబలకోటకు పోయి పూలమ్మను వెంటబెట్టుకొచ్చింది.

ఆ అనుభవంతో శంకరప్ప ఇప్పుడొక ఏర్పాటు చేశాడు.

"మీలో అందరికన్నా దూరం పోయేది ఎవురప్పా?"

"నేను మామా. పుంగనూరు" అన్నాడు మునికృష్ణ.

"అయితే ఆ దావ పొడుగునా నువ్వు సెప్పు. బాగుండాడని సెప్పు. మిగతావోళ్ళు ఫోన్లు జోబీలో పెట్టుకోండి. మీ పున్నెముంటాది."

జనం పల్చబడ్డారు. శంకరప్ప కోడలి చేతిలో క్యారియర్ మూతకేసి చూసి, వాసన పట్టి, నవ్వాడు. "గోంగూర నాకి గాదు గదా?"

"నాకే మామా."

"పెట్టిందా? అయితే కోపం ఈసమంత తగ్గింది." ఆయన తలుపు వైపు చూసి గొంతు పెంచాడు. "బర్నబాసూ, వసారాలో యాల కూసున్నావు? రా అప్పా లోపలికి."

బర్నబాస్ వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. ఆరోజు నుంచి రోజూ వస్తాడు. పాలు తెస్తాడు. పూలమ్మ ఉంటే వసారా దాటి లోపలికి రాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఈ వారంలో గొంతు కూడా చిక్కిపోయింది.

శంకరప్ప ఇద్దర్నీ చూశాడు. "వెన్నెలా, ఒగ మాటమ్మా. మీ అత్త మాదిరి అడగతాండేది గాదు. తెలుసుకోవాలని అడగతాండా. అది యాల పలకలేదు?"

"తెలీదు మామా" అంది వెన్నెల. వారం నుంచి ఎవరికీ ఆ మాట ఇంత సూటిగా చెప్పలేదు. చెప్పేశాక గుండె కాస్త తేలికపడింది, సిగ్గు మాత్రం అలాగే ఉంది.

"పలికింది" అన్నాడు బర్నబాస్.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను మంచం కోడు పట్టుకుని దానితోనే మాట్లాడాడు.

"నా బండిలో పెట్టె నోట్లో నేను గుడ్డ కుక్కి ఉంటిని పాపా. యార్డు దగ్గరయ్యేకొద్దీ అది ఒగటే మోత. ఈడ బండి ఉండాది, ఆడ బండి ఉండాదని కీ కీ మని సంపేసేది. తల నొప్పి తట్టుకోలేక గుడ్డ పెట్టినా. ఆ పొద్దు మలుపు కాడికి వచ్చినాక, గుడ్డలో నుంచి సన్నంగా నీ గొంతు మాదిరి ఏదో ఇనపడింది. మాటేందో తెలీలేదు. కాలు మాత్రం బ్రేకు మీదికి పొయింది." అతను ఆగాడు. "ఆ రవ్వంత గూడా లేకుంటే, గుంతలోకి తిప్పే యవధి నాకి ఉండేది గాదు. అన్న మీదనే పోదును."

బర్నబాస్ మంచం కోడు వదిలి చేతులు జోడించాడు.

"ఇన్నాళ్ళు సెప్పలేదు. సెప్తే గుడ్డ సంగతి గూడా సెప్పాల గదా. దేవుని ముందర సెప్పుకున్నా గానీ మీ ముందర నోరు రాలేదు."

శంకరప్పకు కోపం వచ్చిందేమోనని వెన్నెల భయపడింది. ఆయన చెయ్యి చాపి బర్నబాస్ మణికట్టు పట్టుకున్నాడు.

"అయితే నా కోడలు పలికింది" అన్నాడు. "ఆలిస్యంగా పలికింది. నువ్వు సగమే ఇన్నావు. ఆ సగానికి నేను బతికి ఉండా. ఇంగేం గావాలప్పా నాకి?"

వెన్నెల ఏడ్చేసింది. ఆపుకోవాలని కూడా చూడలేదు. ఈ మంచం మీది మనిషికీ, ఆ గుంతలోకి బండి తిప్పి టమోటాలన్నీ మట్టిపాలు చేసుకున్న మనిషికీ తను ఎంత రుణపడిందో తలచుకుంటే మాట రాలేదు. కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి వార్డు గుమ్మంలో పూలమ్మ నిలబడి ఉంది. చేతిలో శంకరప్ప కళ్ళద్దాలు. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో ముఖం చూస్తే తెలియలేదు. అద్దాలు మొగుడి దిండు పక్కన పెట్టి, తిరిగి వెళ్ళిపోయింది.

ఆ వెనకే వెన్నెల మనసులో ఇంకొక సంగతి మెదిలింది. మోత యార్డు దగ్గరే ఎందుకు?

"అన్నా, నన్ను యార్డు కాడికి తీసకపోతావా?"

* * *

యార్డు బయట టమోటా బండ్లు వరస కట్టి ఉన్నాయి. వేలం తమ మండీ దాకా వచ్చేసరికి ఎంతసేపవుతుందో ఎవరూ చెప్పలేరు. డ్రైవర్లు కొందరు బండి నీడలో గోనెపట్టా పరుచుకుని పడుకున్నారు. కొందరు పేకాటలో ఉన్నారు. ఏ బండి పక్కన నిలబడ్డా ఒక పాట వినిపిస్తోంది. ఒకదాంట్లో భక్తి పాట, దాని పక్కన కన్నడ పాట, ఆ పక్కన డప్పు మోత.

వెన్నెల తన చేతిలోని, పెట్టెల మాటలు పట్టి చూపించే పరీక్ష యంత్రం తెర చూసి అలాగే నిలబడిపోయింది. ఆగి ఉన్న ప్రతి బండిలోని పెట్టె, నేనిక్కడున్నాను నేనిక్కడున్నాను అని ఎడతెగకుండా చెబుతూనే ఉంది. అది విన్న పక్క పెట్టె దాన్నే మళ్ళీ చెబుతోంది. ఆ గోలలో కొత్త మాట ఒకటి దూరడానికి సందు లేదు.

బర్నబాస్ తన బండి కూడా వరసలో పెట్టి ఆపాడు. ఇంజను ఆగింది. అతని చెయ్యి అలవాటుగా తాళాన్ని మళ్ళీ సగం తిప్పింది. పాట మొదలైంది. ఫోనుకు చార్జింగు వైరు తగిలించాడు.

"అన్నా, బండి ఆపినాక తాళం యాల తిప్పినావు?"

"పాటలకి పాపా. ఫోను చార్జింగికి. యాలం అయ్యేదాకా ఈడ ఏం జేయాల మరి? అందురూ ఇంతే."

వెన్నెల బండి మెట్టు మీద కూలబడి నవ్వింది. బర్నబాస్ కంగారుపడ్డాడు.

తాళం తిరిగి ఉంటే బండి దారిలో ఉన్నట్టే అని ఆమె పెట్టెకు నేర్పింది. కుప్పం ఆఫీసులో బండి ఆగితే తాళం తీసి జేబులో వేసుకుంటారు. పరీక్షలన్నీ అక్కడే జరిగాయి. పెట్టె బంగారంలా పనిచేసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి మామ బండిలో యార్డుకు ఎన్నిసార్లు వచ్చిందో, ఆగి ఉన్న బండిలో కూర్చుని ఎన్ని పాటలు విన్నదో. ఆ పాటలు దేనితో నడుస్తున్నాయని ఒక్కసారి కూడా తనను తాను అడగలేదు. ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల చేయాల్సిన తప్పేనా ఇది?

ఎడ్విన్ సార్‌కు ఫోను చేసింది. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు.

"థాంక్సమ్మా" అన్నాడు చివరికి. "ఏం చేద్దాం?"

"రెండు పనులు సార్. కదలని బండి నోరు మూసుకోవాలి. ఎప్పుడో ఒకసారి పలికితే చాలు. ఎర్రమీట నొక్కితే మాత్రం అన్నిటికన్నా ముందు దాని మాటే పోవాలి. రెండోది, ఆ మాట విన్నవాళ్ళందరూ తిరిగి చెప్పకూడదు. విన్నవాళ్ళలో అందరికన్నా దూరంగా ఉన్న బండి ఒక్కటే ముందుకు అందించాలి. దాని గొంతు వినపడగానే మిగతావి ఊరుకోవాలి."

రెండోది ఆమె చదువుకున్నదే. తర్వాత చేద్దాంలే అని పక్కన పెట్టిందే. పొద్దున మామ మంచం పక్కన మునికృష్ణను చూసినప్పుడే ఆ వాయిదా గుర్తొచ్చి సిగ్గేసింది.

"మార్చిన ప్రోగ్రాము పొద్దు గూకేలోగా పంపు. ఇక్కణ్ణుంచి అన్ని పెట్టెలకూ ఎక్కిస్తాను. రేపు పొద్దున పైవాళ్ళను తీసుకుని నేనే వస్తాను. అదే మలుపు, యార్డులో అదే రద్దీ. వేలం మొదలైతే బండ్లు కదిలిపోతాయి, ఆలోపే చూపించాలి. రెండో అవకాశం ఇవ్వరు వెన్నెలా."

* * *

దీపాలు పెట్టే వేళకు వెన్నెల ఇంటికి చేరింది. పూలమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. వెన్నెల గుమ్మంలోనే నిలబడి చెప్పింది, వింటుందో లేదో చూడకుండా.

"అత్తా, ఆ పొద్దు నీ ఫోనుకి ఊరందరూ తగులుకోని బర్నబాసన్న ఫోను కలవలేదు గదా. పెట్టెలకీ అదే జరిగింది. యార్డులో ఆగిన బండ్లన్నీ ఊరికే మాట్లాడతాంటే మామ మాట లోపలికి పోలేదు. తప్పు పెట్టెది గాదు. దానికి ఎప్పుడు ఊరుకోవాల్నో నేను నేర్పలేదు. తప్పు నాది."

పూలమ్మ కట్టెను లోపలికి తోసింది.

"బియ్యం ఎయ్" అంది.

వెన్నెల బియ్యం డ్రమ్ము మూత తీసి చెయ్యి పెట్టింది. వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీసింది. నల్లపెట్టె. కడిగి తుడిచి ఉంది. కుడితి వాసన లేదు. పాత బొట్లు పోయాయి, కొత్తవి పెట్టలేదు.

"ఫోను నీళ్ళల్లో పడితే దిలీపు ఇట్లనే గదా జేసింది" అంది పూలమ్మ, పొయ్యి వైపే చూస్తూ.

"ఎప్పుడు తీసినావు అత్తా?"

"నువ్వు క్యారియర్ పట్టుకోని గేటు దాటినావో లేదో."

అంటే ఆసుపత్రికి రాకముందే. బర్నబాస్ మాట వినకముందే. వెన్నెల పెట్టెను గుండెకు ఆనించుకుంది.

"నీ కోసరం గాదు" అంది పూలమ్మ గబగబా. "కుడితి పాడయితాదని తీసినా. బర్రె తాగల్ల గదా."

వెన్నెల వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుని, మసి అంటిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పూలమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వారం రోజుల మౌనానికీ ఈ మౌనానికీ ఎంత తేడా ఉందో వెన్నెలకు తెలిసింది. తనకు ఈ ఇల్లు దొరికినందుకు మనసారా దండం పెట్టుకుంది.

గోడకున్న మేకు దగ్గర చప్పుడైంది. దిలీప్ తండ్రి బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"రేపు నాయన బండి నేను తోల్తా" అన్నాడు. "మలుపులో ఆగాల్సిన బండి అదే గదా."

"ఉద్యోగం సంగతి?" అంది వెన్నెల.

"రేపు కానీ. అది పలికేదేందో సూసి మాట్లాడుకుందాం."

* * *

పొద్దున మంచు ఇంకా విడవలేదు. పుంగనూరు దారిలో టీకొట్టు ముందు బర్నబాస్ బండి ఆగి ఉంది. వెన్నెల పరీక్ష యంత్రం పట్టుకుని అందులో ముందే ఎక్కి ఉంది. పూలమ్మ వచ్చి తలుపు తీసి లోపల కూర్చుంది. అతను బిత్తరపోయాడు.

"నా చెవులతో ఇంటేనే నమ్ముతా" అంది. కాస్త ఆగి, "బర్నబాసప్పా, ఆ పొద్దు వరమ్మ రాకుంటే నాకి కబురే లేదు. నువ్వు తిప్పకుంటే మనిషే లేడు. ఇన్నాళ్ళు నీతో ఒగ మాట మాట్లాడలేదు. మనసులో పెట్టుకోబాక" అంది.

"అంత మాట యాలక్కా" అన్నాడు బర్నబాస్. పెట్టె నోట్లోంచి గుడ్డ లాగి కిటికీలోంచి పారేశాడు.

మలుపు దగ్గర రోడ్డు దిగి, మట్టి మీద దిలీప్ బండి ఆపుకుని ఉంటాడు. బియ్యంలో ఆరిన పెట్టె అందులో ఉంది. ఎడ్విన్ సార్ పైవాళ్ళతో అక్కడే ఉన్నాడు. వచ్చేముందు పూలమ్మ కొడుకుతో గట్టిగా చెప్పింది. ముందు రొట్ట, ఆ తర్వాతే మీట.

బండి కదిలింది. యార్డు దగ్గరవుతోంది. మామూలుగా అయితే ఈపాటికి పెట్టె అరవడం మొదలుపెట్టేది. ఇప్పుడు చప్పుడు లేదు. పూలమ్మ పెట్టె వంకే చూస్తోంది. వెన్నెల ముందుకు వంగింది. ఊరుకోమని నేర్పింది సరే, పలకడం మరిచిపోయిందా?

"ముందు బండి ఆగి ఉంది. నిదానం."

గట్టిగా, స్పష్టంగా పలికింది. పూలమ్మ కోడలి భుజం పట్టుకుంది.

"పలికింది" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పలికిందమ్మే నీ పెట్టె."

వెన్నెలకు అందరికీ దండం పెట్టాలనిపించింది. మామకు, బర్నబాస్‌కు, వరమ్మకు, ఆ గుంత పూడ్చనివాళ్ళకు కూడా. దిలీప్‌తో చెబుదామని ఫోను తీసేసరికి అతని ఫోనే వచ్చింది.

"రవ్వంత నిదానంగా రాండి" అన్నాడు దిలీప్ ఆయాసపడుతూ. "ఇంగా రొట్ట ఇరుస్తానే ఉండా. మీట నొక్కలే."

వెన్నెల పరీక్ష యంత్రం తెర చూసింది. మాట వచ్చింది మలుపు వైపు నుంచి కాదు. ఎడమవైపు, చెరుకు తోటల మధ్యకు పోయే మట్టిదారి నుంచి.

"అది మన బండి గాదు. ఎవురో నిజంగానే మీట నొక్కినారు" అంది మెల్లగా.

బర్నబాస్ బ్రేకు మీద కాలు పెట్టాడు. మట్టిదారి మంచులో కలిసిపోయింది, ఏమీ కనిపించలేదు. నిన్నటిదాకా ఈ దారిలో ఇలాంటి మాట ఎన్నిసార్లు ఎవరూ వినకుండా పోయిందో.

దూరంగా యార్డు మైకులో మండీల పేర్లు పిలవడం మొదలైంది. ఇంకాసేపట్లో వేలం. మలుపు దగ్గర పైవాళ్ళు గడియారాలు చూసుకుంటూ ఉంటారు. రెండో అవకాశం ఇవ్వరు. వెన్నెల ముందుకు చూసింది, ఎడమకు చూసింది.

తేల్చింది పూలమ్మే.

"ఆ పొద్దు మా ఇంటాయన కోసరం నువ్వు బండి తిప్పినావు గదప్పా" అంది బర్నబాస్‌తో. "తిప్పు."

బర్నబాస్ బండిని ఎడమకు తిప్పాడు. మట్టిదారిలోకి దిగగానే పెట్టె వెన్నెల గొంతుతో మళ్ళీ పలికింది, ఈసారి ఇంకా దగ్గరగా.